ఆచార్య జేమ్సు సమ్నరు

సింహాచలము కొండవాలున పండు పనసపండ్ల రుచి నెఱుగనివారు మన విశాఖపట్టణ ప్రాంతమున అరుదు. తొనలు తినినపిమ్మట పిక్కలను పాఱవేయక, నిప్పులలో కాల్చుకొనియో, ఉడికించి కూరలో వేసికొనియో తినుట మన యిండ్ల వాడుక. ఆ పిక్కలో ఒక వింతయైన మాంసకృత్తు కలదు. జీవకణముల పైభాగమున అనేకవిధములైన చక్కెరలు అంటియుండును. ఈ మాంసకృత్తు వానిలో తనకు సరిపడిన చక్కెరను మాత్రమే గుర్తించి పట్టుకొనును, తక్కినవానిని విడిచిపెట్టును. పనసపిక్కలోనే కాదు, ఉలవలలోను, చిక్కుడు గింజలలోను, గురువింద గింజలలోను, ఆముదపు గింజలలోను ఇట్టి మాంసకృత్తులు కలవు. వీనికి లెక్టినులని పేరు. ఏఱికొనుట యను అర్థముగల లాటిను ధాతువునుండి ఈ పేరును అమెరికా శాస్త్రజ్ఞుడగు విలియం బాయిడ్ తన సహచరితో కలసి 1954వ సంవత్సరమున కల్పించెను. కాని అంతకు ఎంతో పూర్వమే ఇట్టి మాంసకృత్తును శుద్ధమైన స్ఫటికములుగా మొదట చేజిక్కించుకొన్నవాడును, అది చక్కెరనే పట్టుకొనునని మొదట గ్రహించినవాడును ఒక ఒంటిచేతి మనుష్యుడు. ఆయన పేరు జేమ్సు బాచెలర్ సమ్నరు. ఆయన చరిత్రము విద్యార్థులకును, విద్యార్థులను పెంచు తలిదండ్రులకును తెలియదగినది.

సమ్నరు 1887వ సంవత్సరము నవంబరు 19వ తేదీన అమెరికా సంయుక్తరాష్ట్రములలోని మాసచూసెట్సునందు, కాంటన్ అను ఊర జన్మించెను. వారిది కలిగిన కుటుంబము. తండ్రికి విశాలమైన భూవసతి యుండెను. తాతగారికి పొలమును, ప్రత్తి కర్మాగారమును ఉండెను. బాలుడు బోస్టను నగర ప్రాంతమున రాక్స్‌బరీ లాటిన్ పాఠశాలలో చదివెను. భౌతిక, రసాయన శాస్త్రములు తప్ప తక్కిన పాఠము లేవియు అతనికి రుచింపలేదు. బడి విడిచినతోడనే తుపాకి పట్టుకొని వేటకు పోవుట యన్న అతనికి మిక్కిలి ప్రీతి.

ఆ ప్రీతియే అతనికి గొప్ప ఆపదను తెచ్చెను. పదునేడవయేట పక్షుల వేటకు పోయినపుడు, తోడివాని తుపాకి పొరపాటున ప్రేలి, గుండు అతని యెడమచేతికి తగిలెను. మోచేతికి దిగువను చేతిని తీసివేయక తప్పినది కాదు. ఆ బాలుడు పుట్టుకతో ఎడమచేతివాటము వాడు. వ్రాయుటయు, తినుటయు, ఆడుటయు అన్నియు ఆ చేతితోనే అలవాటు. ఉన్న చేయి పోయెను; మిగిలినది పని యెఱుగని చేయి. ఇట్టివానిని చూచి జాలిపడువారే కాని, ఇతడు ఏదో సాధించునని తలచువారు ఎందఱుందురు?

అయినను సమ్నరు మూలను కూర్చుండలేదు. కుడిచేతికి ఒక్కొక్క పనియే మొదటినుండి నేర్పుకొనెను. వ్రాతతో ఆగక, ఆటలకును దిగెను. టెన్నిసు, బిల్లియర్డ్సు ఆడెను. మంచుమీద జారు ఆటలలో ఆరితేరెను. తన చేతిని హరించిన తుపాకినే మరల పట్టి గురిచూచి కొట్టుటలో నేర్పు గడించెను. రెండుచేతులవారు చేయు ప్రతిపనియు తాను చేయవలయునని అతని పట్టుదల. ఈ కుడిచేతి సాధనయే అతని మొదటి విద్యాలయమని చెప్పవచ్చును.

తరువాత సమ్నరు ప్రసిద్ధమైన హార్వర్డు విశ్వవిద్యాలయమునందు చేరి, 1910లో రసాయనశాస్త్రమున పట్టము పొందెను. కొంతకాలము మేనమామదో పినతండ్రిదో యనదగు బంధువర్గపు నూలు కర్మాగారమున పనిచేసెను. ఆ పని మనసున కెక్కలేదు. కెనడా దేశమున ఒక కళాశాలలో ఒక తరుణకాలము రసాయనశాస్త్రము బోధించి, 1911లో వూస్టరు నగరపు సాంకేతిక విద్యాలయమున సహాయకుడుగా నుండి, 1912లో హార్వర్డు వైద్యకళాశాలకు పోయెను. అచ్చట జీవరసాయన శాఖకు ఆటో ఫోలిన్ అను గొప్ప ఆచార్యుడు అధిపతి. ఫోలిన్ ఈ యువకుని ఒంటిచేతిని చూచి, రసాయనశాలలో ఒంటిచేతివాడు నెగ్గజాలడనియు, న్యాయశాస్త్రము చదువుకొనుట మేలనియు హితము చెప్పెను. అది ద్వేషముతో చెప్పినమాట కాదు. గాజుపాత్రలును, నిప్పును, ఆమ్లములును ఉన్నచోట రెండుచేతులకే పని చాలదు. కాని సమ్నరు ఆ హితమును వినలేదు. అచ్చటనే నిలిచి, పనిచేసి చూపి, 1914లో డాక్టరు పట్టమును గడించెను.

తెలుగువారు మఱవరాని సంగతి యొకటి ఇచ్చట కలదు. సమ్నరు ఆ ప్రయోగశాలను విడిచిన తొమ్మిది సంవత్సరములకు, 1923లో, మన భీమవరమున పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు హార్వర్డు చేరి, ఆ ఫోలిన్‌గారి శాఖయందే పనిచేయ నారంభించిరి. ఫిస్కెతో కలసి శరీర ద్రవములలోని భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించి వారు లోకఖ్యాతి నందిరి. ఒకరికి చేయి లేదు. మఱియొకరికి చేతిలో ధనము లేదు. ఇరువురును ఒకే నీడను పెరిగిన చెట్లు.

1914లో సమ్నరు ఐరోపాఖండమున సంచరించుచుండగా మహాయుద్ధము ప్రారంభమయ్యెను. ఆ సమయముననే కార్నెలు విశ్వవిద్యాలయమునుండి తంతివార్త వచ్చెను. ఇతాకా పట్టణములోని వైద్యకళాశాలా శాఖయందు జీవరసాయన శాస్త్రమునకు సహాయాచార్య పదవి ఇచ్చుచున్నారని దాని సారాంశము. ఆయన ఆ పదవిని స్వీకరించెను. తన జీవితకాలమంతయు అచ్చటనే గడపెను. బోధన భారము మెండు, పరికరములు స్వల్పము, సహాయకులు లేరు. ఇట్టి స్థితిలో చిన్న చిన్న పరిశోధనలతో కాలము గడపుట సులభమైన మార్గము. సమ్నరు 1917లో ఇందుకు విరుద్ధముగ, ఎవ్వరును చేయలేని పని యొకటి చేయ సంకల్పించెను. అది ఒక ఎంజైమును శుద్ధరూపమున వేఱుపఱచుట.

ఎంజైమనగా ఏమో కొంచెము చెప్పవలయును. మనము తిన్న అన్నము అరుగుట, పాలు పెరుగగుట, పిండి పులియుట మొదలగు మార్పులను జీవులలో త్వరితపఱచు పదార్థములే ఎంజైములు. పసులకొట్టములో ఉదయమున ముక్కు కెక్కు ఘాటైన వాసన అమ్మోనియాది. పశువుల మూత్రమునందలి యూరియాను సూక్ష్మజీవులలోని ఒక ఎంజైము అమ్మోనియాగను, బొగ్గుపులుసు వాయువుగను విడగొట్టుటచే ఆ వాసన పుట్టును. దానికి యూరియేసు అని పేరు. ఎంజైముల పని అందఱును చూచుచుండిరి; ఎంజైము స్వరూప మేమో ఎవ్వరును చూడలేదు. అవి మాంసకృత్తులు కావనియు, మాంసకృత్తు వానిని మోయు వాహనము మాత్రమే యనియు జర్మనీ దేశపు మహాపండితుడగు విల్‌స్టాటర్ మొదలగువారు నమ్ముచుండిరి.

సమ్నరు పరీక్షకు తీసికొన్న వస్తువు ఒక చిక్కుడు గింజ. దానిని అమెరికావారు జాక్ బీన్ అందురు. మన పెరళ్లలో పందిళ్లపై ప్రాకు తమ్మకాయ, అనగా చమ్మకాయ, దానికి దగ్గఱి చుట్టము. కత్తివలె పొడవై వెడల్పయిన కాయ. ఈ గింజల పిండిలో యూరియేసు సమృద్ధిగా నుండునని ఆయన యెఱుగును. పిండిని ద్రావకములతో తడిపి, వడియగట్టి, చల్లార్చి, దిగిన మడ్డిని తీసి పరీక్షించుచు, సంవత్సరములకు సంవత్సరములు గడపెను.

వెదకినది దొరకలేదు, కాని వెదకనివి దొరకెను. ఆ పిండినుండి అందమైన స్ఫటికములు ఏర్పడెను. అవి యూరియేసు కావు, వేఱు మాంసకృత్తులు. వానికి కంకనావలిన్ ఏ, కంకనావలిన్ బీ అని పేరులు పెట్టి, 1919లో సమ్నరు ఆ వృత్తాంతమును ప్రకటించెను. అవి యెందుకు పనికివచ్చునో నాడెవ్వరికిని తెలియదు. తన గమ్యమునకు అడ్డుపడిన వస్తువులని పాఱవేయక, శ్రద్ధగా శుద్ధిచేసి, కొలిచి, పేరిడి, వ్రాసి యుంచుటయే ఆయన చేసినది. ఈ చిన్నపని ఫలము ముందు తెలియగలదు.

1921లో ఆయనకు బెల్జియము దేశమునకు పోయి, ఎంజైములనుగూర్చి గ్రంథములు వ్రాసిన ఎఫ్రాంట్ అను పండితునొద్ద పనిచేయు అవకాశము కలిగెను. కాని యూరియేసును వేఱుపఱచుట యను ఊహయే హాస్యాస్పదమని ఆ పండితుడు తలచుటచే ప్రయాణము ఆగిపోయెను. సమ్నరు మరల తన పిండివద్దకే వచ్చెను. ఆయన ప్రయోగశాలలో మంచుపెట్టె సైతము లేదు. ద్రావకముతో నిండిన గాజుగొట్టములను రాత్రులందు కిటికీ గట్టుపై నుంచి, చలి యెక్కువ కావలయునని కోరుకొనుచు ఇంటికి పోవుచుండెను. మన దేశమున ఎండకు అప్పడములు ఆరబెట్టి ఆకాశమువంక చూచునట్లు, ఆయన చలికొఱకు ఆకాశమువంక చూచెను!

తుదకు 1926లో, మద్యసారమునకు బదులు పలుచని ఎసిటోనుతో పిండిని కలిపి, వడియగట్టి, రాత్రి చలిలో నుంచెను. మఱునాడు చూడగా వడిసిన ద్రవము కొంచెమే. దానిలో ఒక బొట్టును సూక్ష్మదర్శినిక్రింద నుంచగా చిన్న చిన్న స్ఫటికములు తళతళలాడెను. పరీక్షింపగా అవి మాంసకృత్తు. యూరియాను విడగొట్టు శక్తియు వానిలో అత్యధికముగా నుండెను. లోకమున మొదటిసారిగా ఎంజైము స్ఫటికరూపమున కంటికి కనబడెను. సమ్నరు వెంటనే టెలిఫోనులో భార్యకు ఈ వార్త తెలిపెను. తొమ్మిది సంవత్సరముల తపస్సు ఆనాటికి ఫలించెను.

అయితే ఫలించినది పని. కీర్తి వెంటనే రాలేదు. ఆగస్టు నెలలో ఆ వ్యాసము అచ్చుపడినపుడు అనేకులు నమ్మలేదు. ఆ స్ఫటికములకు యూరియేసు అంటుకొనియున్నదే కాని, స్ఫటికములే యూరియేసు కావని జర్మనీ పండితులు వాదించిరి. చిన్న పట్టణములోని, పేరు లేని, ఒంటిచేతి ఉపాధ్యాయుని మాటకంటె మహాపండితుల మాటకే విలువ యెక్కువగా నుండెను. సమ్నరు కోపముతో కాలము పాడుచేసికొనక, ప్రయోగముపై ప్రయోగము చేసి, వ్యాసముపై వ్యాసము ప్రకటించెను. 1929లో ఆయనకు పూర్ణాచార్య పదవి వచ్చెను. 1930లో నార్త్రప్ అను శాస్త్రజ్ఞుడు జీర్ణాశయమునందలి పెప్సిను అను ఎంజైమును స్ఫటికముగా తీసి, అదియు మాంసకృత్తే యని చూపెను. పిమ్మట సందేహములు క్రమముగా సన్నగిల్లెను. 1937లో సమ్నరు డౌన్సుతో కలసి కేటలేసు అను మఱియొక ఎంజైమును స్ఫటికము చేసెను. ఆ యేటనే స్వీడను దేశమందు షీలే పతకము ఆయనకు లభించెను.

ఇక మొదట ప్రక్కనుంచిన కంకనావలిన్ సంగతి. గింజలలోని కొన్ని పదార్థములు రక్తమును ముద్దకట్టించునను విషయము అంతకుముందే తెలిసియుండెను. 1888లో డోర్పాటు విశ్వవిద్యాలయమున స్టిల్‌మార్క్ అను విద్యార్థి, ఆముదపు గింజలనుండి తీసిన రిసిన్ అను విషమును రక్తములో కలుపగా ఎఱ్ఱకణములు ఒకదానికొకటి అంటుకొని ముద్దలగుటను చూచెను. మన కంసాలులు పూర్వము బంగారము తూచిన గురువింద గింజలోను అట్టిదే యగు ఏబ్రిన్ అను విషము కలదు. 1891లో ఎర్లిక్ పండితుడు ఎలుకలకు ఈ విషములను మిక్కిలి స్వల్పముగా మొదలుపెట్టి క్రమముగా అలవాటు చేసి, ఒక విషమునకు అలవాటుపడినది రెండవదానికి తాళదని చూపి, శరీరరక్షణ శాస్త్రమునకు పునాదిరాళ్లలో ఒకటి వేసెను. ఎఱ్ఱగా నల్లని బొట్టుతో ముద్దుగా నున్నదని చిన్నపిల్లలు గురువిందను నోట పెట్టుకొనకుండ తల్లులు కనిపెట్టియుండవలయును. నమలిన గింజ ప్రాణాపాయకరము.

ఈ విషయములను మనసున నుంచుకొని, 1936లో సమ్నరు హోవెల్ అను సహచరునితో కూడ తన పాత స్ఫటికములను మరల బయటికి తీసెను. జాక్ బీన్ గింజలో రక్తకణములను ముద్దకట్టించు శక్తి ఈ కంకనావలిన్ ఏ దే యని నిరూపించెను. అది మన కార్జములో నిలువయుండు గ్లైకోజెను అను పిండిపదార్థమును సైతము ద్రవమునుండి దింపివేసెను. అంతకంటె వింత యేమనగా, మనము ప్రతిదినము వాడు చెఱకుచక్కెరను కలిపినచో రక్తకణములు ముద్దకట్టుట ఆగిపోయెను! దీనినిబట్టి ఆ మాంసకృత్తు పట్టుకొనునది కణములపై నుండు చక్కెరవంటి పదార్థమునే యని ఆయన ఊహించెను. పట్టుకొను స్థలమును ద్రవములోని చక్కెర ముందే ఆక్రమించుకొన్నచో, రక్తకణమునకు చోటు లేదు గదా.

ఆ ఊహ నిజమైనది. కంకనావలిన్ ఏ అణువు నాలుగు ముక్కల కూడిక. ఒక్కొక్క ముక్కకు చక్కెరను పట్టు తావు ఒక్కొక్కటి. అనగా నాలుగుచేతుల జీవివలె, ఒక చేత ఒక కణమును, మఱియొక చేత ఇంకొక కణమును పట్టి ముద్దచేయును. ఒంటిచేతివాడు కనిపెట్టినది నాలుగుచేతుల వస్తువు! మొక్కలు వీనిని ఏల దాచుకొనును? తమ విత్తనములను తిన వచ్చు పురుగులనుండియు జంతువులనుండియు కాపాడుకొనుటకై యని శాస్త్రజ్ఞులు తలచుచున్నారు. చిక్కుళ్లను పచ్చిగా తినినయెడల కడుపునొప్పి, వాంతులు కలుగుటకు ఇవియే ముఖ్యకారణము. నానబెట్టి బాగుగా ఉడికించినచో ఇందు పెక్కింటి శక్తి నశించును. గింజలను సగముడుకుతో దింపక మెత్తగా ఉడికింపుమని మన అవ్వలు చెప్పుమాటకు శాస్త్రమున ఇంత బలము కలదు.

1946లో రసాయనశాస్త్రమున నోబెలు బహుమానములో సగము సమ్నరునకును, తక్కిన సగము నార్త్రప్, స్టాన్లీ అనువారలకును లభించెను. యూరియేసు స్ఫటికములు కంటబడి అప్పటికి ఇరువదియేండ్లు. 1947లో కార్నెలునందు ఎంజైము రసాయనశాలకు ఆయన అధ్యక్షుడయ్యెను. ఉద్యోగవిరమణానంతరము బ్రెజిలు దేశమునకు పోయి, అచ్చట ఒక వైద్యకళాశాలలో ఎంజైము పరిశోధనశాలను నెలకొల్ప నెంచెను. ఆ కోరిక తీరలేదు. పుట్టకురుపు వ్యాధి సోకి, 1955వ సంవత్సరము ఆగస్టు 12వ తేదీన బఫలో నగరమున కాలధర్మము నొందెను.

ఆయన పోయినతరువాత లెక్టినుల విద్య విస్తరిల్లెను. అంతకుముందే, 1945లో బాయిడ్ ఒక చిక్కుడు గింజ రసము 'ఏ' జాతి రక్తమునే ముద్దకట్టించునని చూచియుండెను. 1951లో బర్డ్ అను వైద్యుడు మన ఉలవలలో ఇట్టి గుణమును కనిపెట్టి, బెంగుళూరునుండి వెలువడు కరెంట్ సైన్సు పత్రికలో ప్రకటించెను. 'ఏ' జాతి రక్తములోని లోపలి భేదములను తెలిసికొనుటకు రక్తనిధులలో ఉలవల సారము నేటికిని ఉపయోగపడుచున్నది. 1960లో నోవెల్ అను అమెరికా వైద్యుడు ఎఱ్ఱచిక్కుడు, అనగా రాజ్మా, గింజల లెక్టినుచే రక్తమునందలి తెల్లకణములు మరల విభజన చెందుటను చూచెను. సమ్నరు కంకనావలిన్ ఏ జీవకణములపై చక్కెరలను పరిశోధించువారికి నిత్యోపకరణమయ్యెను.

పనసపిక్కలోని లెక్టినును 1985లో బ్రెజిలు శాస్త్రజ్ఞులు జాకలిన్ అని పిలిచిరి. బ్రెజిలునకు పనసచెట్టు మన దేశమునుండి పోర్చుగీసువారు కొనిపోయినదే. వారి భాషలో పనసకు జాక యను పేరు మలయాళపు చక్కనుండి వచ్చినదే. సమ్నరు పోదలచి పోజాలని దేశముననే మన పనసకు శాస్త్రలోకపు పేరు వచ్చుట వింత గదా! కన్నీటను, ఉమ్మియందును ఉండి రోగములనుండి కాపాడు ఒకానొక రక్షక మాంసకృత్తును వేఱుపఱచుటకు ఈ జాకలిన్ ఉపకరించును. దీని ఆకారమును 1996లో బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్సునందు విజయన్, సురోలియా మొదలగువారు వెల్లడించిరి. ఆ వ్యాసకర్తలలో మొదటివాడగు శంకరనారాయణన్ తరువాత హైదరాబాదునందలి సి.సి.ఎం.బి. అను జీవకణ పరిశోధనాలయమున పరిశోధకుడయ్యెను.

బాలబాలికలారా! సమ్నరు చరిత్రమునుండి చేయి పోయినను ధైర్యము పోరాదని నేర్చుకొందుము. అది మొదటి పాఠము, అందఱును చెప్పునదే. రెండవది అంతకంటె సూక్ష్మమైనది. ఆయన వెదకినది యూరియేసు. దారిలో దొరకినది కంకనావలిన్. పేరు ప్రతిష్ఠలు తెచ్చినది మొదటిది. కాని రెండవదానిని అప్రయోజకమని పాఱవేసియుండినయెడల, పదునేడు సంవత్సరముల తరువాత దానిని తీసి చూచుటకు ఏమి మిగిలియుండును? మనకు కావలసినది కాదని నేడు ప్రక్కకు నెట్టు లెక్కయో, పాఠమో, చేతిపనియో యెన్ని కలవు! పని చిన్నదైనను శుద్ధిగా ముగించి, గుర్తువ్రాసి దాచుకొన్నవానికి దాని విలువ కాలము తెలుపును. విలువ తెలియువఱకు దాచు ఓర్పు మాత్రము మనది కావలయును.